జోడు విడిపోని కొక్కెం

గుడికి వెళ్ళినప్పుడు గమనించండి. కొందరు బుద్ధిమంతులు రెండు చెప్పులూ ఒకేచోట విడవరు. కుడికాలిది మెట్ల పక్కన, ఎడమకాలిది కొబ్బరికాయల కొట్టు అరుగుకింద. దొంగవాడు ఒక్క చెప్పు పట్టుకుపోయి ఏం చేసుకుంటాడన్నది వారి ధీమా. తీరా దర్శనం అయ్యాక రెండోది ఎక్కడ విడిచారో గుర్తురాక, ఒంటి చెప్పుతో కొట్టుకొట్టుకూ తిరుగుతూంటారు. అది వేరే సంగతి. వారి ఆలోచనలో మాత్రం పెద్ద వ్యాపారసూత్రం ఇమిడివుంది.

మరే వస్తువులోనైనా సగం పోతే సగం విలువ మిగులుతుంది. రెండు కిలోల కందిపప్పులో ఒక కిలో ఒలికిపోయిందనుకోండి, ఉన్న కిలోతో నాలుగు రోజులు పప్పుచారు కాచుకోవచ్చు. కాని 600 రూపాయల చెప్పులజోడులో ఒకటి పోతే, మిగిలినదాని ఖరీదు 300 కాదు, సున్నా. ఒకటి లేనిదే రెండోది పనికిరాని వస్తువులకు ఉదాహరణ చెప్పవలసివస్తే, అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో కుడిబూటునూ ఎడమబూటునే చెబుతారు. అంత దూరం ఎందుకు? భరతుడు నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నవి కూడా రెండు పాదుకలు. ఒక్కటే తెచ్చి సింహాసనం మీద పెడితే అయోధ్య ప్రజలు ఏమనుకునేవారో!

అంచేత జతవస్తువులు అమ్మేవాడికి ఒక చిక్కు వుంది. వాటిని విడిపోకుండా కట్టివుంచాలి. కట్టివుంచితే కొనేవాడు వేసుకుని చూడలేడు. విప్పివుంచితే జతలు కలగాపులగమైపోతాయి. కట్టులోనే విప్పు వుండాలన్నమాట. ఈ చిన్న చిక్కును తీర్చటానికి పుట్టిందే, మనం కొన్న మరుక్షణం చెత్తబుట్టలో పారేసే ఆ ప్లాస్టిక్ కొక్కెం.

మన నేతగాళ్ళు ఈ చిక్కును మగ్గంమీదే తీర్చేశారు. పంచెల చాపు సంగతి ఇంట్లో పెద్దవారిని అడగండి. రెండు పంచెలు ఒకే గుడ్డగా నేసి, మధ్య కోయకుండా అమ్మే అలవాటు మనది. విడదీయటం కొన్నవాడి ఇంట్లోనే. ఈనాటికీ చీరకొసన జాకెట్టుగుడ్డ కలిసే వస్తోంది. రంగు కలవలేదన్న పేచీ లేదు, వేరే అద్దకంలోది తగిలించారన్న అనుమానం లేదు. పెళ్ళిలో కొంగుముడి కూడా ఇలాంటిదే. అవసరమున్నంతసేపు వుంటుంది, తరవాత విప్పేస్తారు. కాని చెప్పులను మగ్గంమీద నెయ్యలేం కదా!

చెప్పుల దుకాణాలవారు దీనికి రెండు మార్గాలు పట్టారు. అద్దాల బీరువాలున్న పెద్ద కొట్లలో జోడుకు ఒక్క బూటునే బయట నిలబెడతారు. రెండోది లోపల అట్టపెట్టెలో వుంటుంది. దీనివల్ల సగం చోటు కలిసివస్తుంది. గుడిముందు పెద్దమనిషి ఉపాయంలాగే, దొంగభయమూ తగ్గుతుంది. కాని మీకు నచ్చిందనగానే లోపలికి పరుగెత్తి పెట్టె దింపటానికి ఒక కుర్రవాడు వుండాలి. బజారులో చిన్నకొట్టు ఆసామి మార్గం వేరు. హవాయి చెప్పుల పట్టీల్లోంచి పురికొస దూర్చి, జోడుకు జోడు ముడివేసి, చూరునిండా తోరణంలా కట్టేస్తాడు. మీరడిగితే కర్రతో దింపి, పంటితోనో బ్లేడుతోనో ముడి తెంపుతాడు. మీకు నచ్చక వెళ్ళిపోతే మళ్ళీ ముడి వేసే తీరిక వుండదు. సాయంత్రానికి అలాంటి జోళ్ళు ఇరవై పోగుపడతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు తంటా.

ఈ రెండు మార్గాల్లోనూ మధ్య ఒక మనిషి వున్నాడు, గమనించారా? అతను లేకుండా కొనేవాడే స్వయంగా తీసుకునే దుకాణం వస్తే ఏం చేయాలి? 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అనే కిరాణా దుకాణం తెరిచాడు. గుమాస్తా సరుకు అందివ్వటం పోయి, కొనేవారే అరలమధ్య తిరిగి కావలసినవి తీసుకుని, పోతూ పోతూ డబ్బు కట్టే ఏర్పాటు అక్కడ జరిగింది. తరవాత ఆ పద్ధతి కిరాణా దాటి బట్టలకూ చెప్పులకూ పాకింది. ఇవాళ మన ఊళ్ళలోని సూపర్ మార్కెట్లలో చూస్తున్నది అదే. అక్కడ సరుకు తన సంగతి తానే చెప్పుకోవాలి. గుమాస్తా నోరు చేసే పని ఆ కొక్కెం చేయాలి.

కొక్కెం అంటే బట్టల హ్యాంగరు వుంది కదా అంటారేమో. 1903లో మిషిగన్ రాష్ట్రంలో ఆల్బర్ట్ పార్క్‌హౌస్ అనే పనివాడు, కోటు తగిలించుకోవటానికి మేకు ఖాళీ లేక, దగ్గరున్న తీగముక్కను వంచి హ్యాంగరు చేసుకున్నాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆ వంపు కోటుకు బాగానే సరిపోయింది. కోటుకు భుజాలున్నాయి. చెప్పుకు భుజాలెక్కడివి? పైగా కోటు ఒకటే. చెప్పులు రెండు, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. అంచేత జతకు కొక్కెం చేసేవాడు మొదటినుంచీ ఆలోచించుకోవాలి.

మొదటిది, ఎక్కడ పట్టుకోవాలి? హవాయి చెప్పుకైతే బొటనవేలి దగ్గర రెండు పట్టీలు కలిసేచోటు వుంది. కొక్కేనికి రెండు కొమ్ములు పెట్టి, వాటి కొసలు బాణంమొనలా చేస్తే, లోపలికి సులువుగా దూరుతుంది, తనంతట తాను ఊడిరాదు. బూటుకైతే మడమ అంచును క్లిప్పులా పట్టాలి. పట్టు గట్టిదైతే తోలుమీద నొక్కు పడుతుంది. వదులైతే జారుతుంది. కొందరు తోలుకే బెజ్జం పొడిచి ప్లాస్టిక్ దారం బిగిస్తారు. ఇది మహాపాపం. గుడ్డలో సూదిబెజ్జం ఉతికితే పూడుకోవచ్చు గాని, తోలులో పడిన బెజ్జం జన్మలో పూడదు. దారం ఎక్కించవలసివస్తే బకిల్‌లోంచో, లేసు బెజ్జంలోంచో, ముందే వున్న దారిలోంచి ఎక్కించాలి.

రెండోది తూకం. జోడులో రెంటి బరువూ ఒకటే కాబట్టి, మధ్య కొక్కేనికి అటూ ఇటూ చేతులు సమంగా వుంటే తక్కెడలా నిలుస్తుంది. ఇందులో ఒక లాభం దాగివుంది. ఎవరైనా ఒకదాన్ని లాగేస్తే కొక్కెం ఒకపక్కకు వాలిపోతుంది. గల్లాపెట్టె దగ్గర కూచున్న యజమానికి దూరంనుంచే ఆ ఒరుగు కనిపిస్తుంది. చేతులు మరీ పొట్టిగా చేస్తే వాలినట్టు తెలియదు, మరీ పొడుగైతే పక్క జోడుకు తగులుతుంది. చెప్పు వెడల్పుకు మించకుండా వుండటం మంచిది.

మూడోది చోటు. గోడనుంచి ముందుకు పొడుచుకువచ్చిన కడ్డీమీద జోళ్ళను ఒకదాని వెనక ఒకటి వేలాడదీస్తారు. రెండు చెప్పులూ పక్కపక్కన ముఖం చూపిస్తూ వుంటే అందమే, గోడ మాత్రం రెట్టింపు తింటుంది. అడుగుకు అడుగు ఆనించి, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ చూసేలా చేస్తే గోడ మిగులుతుంది, కడ్డీ తింటుంది. 30 సెంటీమీటర్ల కడ్డీమీద 6 సెంటీమీటర్ల మందం జోళ్ళు 5 పడతాయి. మందం 5కు తగ్గించగలిగితే 6 పడతాయి. ఆ ఒక్క సెంటీమీటరు కోసం కొక్కెం చేసేవాడు తలబద్దలు కొట్టుకుంటాడు. ఖరీదైనవాటికి పక్కపక్క పద్ధతీ, చౌకవాటికి వీపువీపు పద్ధతీ నప్పుతాయి.

నాలుగోది, దేనితో చేయాలి? తళతళలాడే పాలీస్టైరీన్ అద్దంలా కనిపిస్తుంది గాని, వంచితే ఫెళ్ళున విరుగుతుంది. పాలీప్రొపిలీన్‌కు అంత మెరుపు లేదు. కాని దాన్ని ఒకచోట పలచగా పోతపోస్తే, ఆ పలచని చోటే కీలులా పనిచేస్తుంది. వేలసార్లు మూసితెరిచినా తెగదు. వేరే మేకూ, వేరే స్ప్రింగూ అక్కరలేదు. 1954లో ఇటలీలో జూలియో నట్టా బృందం స్ఫటికరూప పాలీప్రొపిలీన్ తయారుచేసింది. జర్మనీవాడైన కార్ల్ జీగ్లర్‌తో కలిసి నట్టాకు 1963లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. అంత గొప్ప విద్య మన పిల్లల చెప్పుల కొక్కెందాకా దిగివచ్చింది.

అయిదోది అంకె. అసలు పేచీలన్నీ ఇక్కడే. ఇంగ్లీషు పద్ధతిలో చెప్పుల సైజు ఒక అంకె పెరిగితే పొడవు అంగుళంలో మూడోవంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. 3వ నంబరుకూ 4వ నంబరుకూ మధ్య వున్నది చిటికెనవేలి వెడల్పయినా కాదు. కంటికి ఆనదు, కాలికి ఆనుతుంది. నంబరు కొక్కెంమీద మాత్రమే వేసి ఊరుకుంటే, చెప్పు మారినప్పుడు కొక్కెం అబద్ధం చెబుతుంది. ముందునుంచి కనిపించేలా కొక్కెంమీదా, చెదిరిపోకుండా రెండు చెప్పులమీదా నంబరు వుండాలి. ఒకప్పుడు ఐరోపాలో కుడిఎడమల తేడా లేకుండానే బూట్లు కుట్టేవారు; 19వ శతాబ్దిలో గాని ఆ తేడా మళ్ళీ స్థిరపడలేదు. ఆనాటి అంగడివాడికి చిక్కు సగమే. మనకు కుడిఎడమలూ చూడాలి, నంబరూ చూడాలి.

ఇక తొడిగి చూడటం. చాలామందికి రెండు పాదాలూ సరిగ్గా ఒకే కొలత వుండవు. ఒక్కకాలికి తొడిగి చూసి సరిపోయిందనుకుంటే ఇంటికి వెళ్ళాక రెండోకాలు పేచీ పెడుతుంది. కొన్ని దుకాణాల్లో రెండు చెప్పుల్నీ జానెడు సాగుదారంతో కలిపివుంచుతారు. వాటిని తొడుక్కున్నవాడు సంకెళ్ళు వేసిన ఖైదీలా గెంతుతాడే తప్ప నడవలేడు. నడవకుండా చెప్పు కొనటం, రుచి చూడకుండా మామిడిపళ్ళ బుట్ట కొనటంలాంటిది. అంచేత మంచి కొక్కెం ఒంటిచేత్తో విప్పేలా, మళ్ళీ ఒంటిచేత్తో బిగించేలా వుండాలి. చంకలో పిల్లవాడితో వచ్చిన తల్లికి రెండో చెయ్యి ఖాళీగా వుండదు.

జతలన్నీ చెప్పులే కావు. మేజోళ్ళకు కుడిఎడమలు లేవు కాబట్టి, పైఅంచును పట్టుకునే చిన్న క్లిప్పు చాలు. చెవిదుద్దులకు అట్టముక్కమీద రెండు బెజ్జాలు చాలు. కాని అవి దగ్గరయితే జూకాలు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, బెజ్జం అట్ట అంచుకు దగ్గరయితే బరువుకు చిరుగుతుంది. మెట్టెలకు ఎర్రదారమే శరణ్యం. పిల్లల చొక్కా నిక్కరు జతకైతే, పైన భుజాలూ, కిందికి వేలాడే క్లిప్పులూ వున్న రెండంతస్తుల హ్యాంగరు కావాలి. అక్కడ కూడా చొక్కా ఒక సైజు, నిక్కరు ఇంకొక సైజు కాకుండా చూసేది ఆ హ్యాంగరు మెడలోని నంబరు పూసే. మరొక మాట: కడ్డీలూ కొక్కేలూ సరిగ్గా పిల్లల కంటి ఎత్తులో వుంటాయి. వాటి కొసలు గుండ్రంగా లేకపోతే ఎంత గొప్ప కొక్కెమైనా పనికిరాదు.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని మీరనవచ్చు. జూన్ నెలలో బడి తెరిచేముందు చెప్పుల కొట్టుకు వెళ్ళి చూడండి. పది మైళ్ళ అవతలనుంచి బస్సులో వచ్చిన తండ్రి, గుంపులో తోసుకుని, పిల్లవాడికి నల్లబూట్లు కొని తీసుకుపోతాడు. మర్నాడు పొద్దున్న బడిగంట వేళకు పెట్టె తెరిస్తే రెండూ ఎడమకాలివే! పిల్లవాడికి ఏడుపు, తండ్రికి బస్సుఖర్చు, ఒకపూట కూలి నష్టం. కొట్టులో మిగిలిపోయిన రెండు కుడికాలి బూట్లకు గుమాస్తా కుర్రవాడు చీవాట్లు తింటాడు. తప్పు ఎవరిదీ కాదు; జత చెదిరింది, అంతే. ఆ జత చెదరకుండా చూడటానికి నాలుగు పైసల పోత సరిగ్గా వుంటే చాలు.

కొక్కెం మంచిదైనా కాకపోయినా మీ జాగ్రత్త మీరు పడటం మంచిది. డబ్బు కట్టేముందు రెండు బూట్లనూ అడుగుకు అడుగు ఆనించి పట్టుకోండి. మునివేళ్ళూ మడమలూ సరిగ్గా కలిస్తే నంబరు కుదిరినట్టు. ఒకదాని వంపుమీద ఒకటి ఒదిగితే ఒకటి కుడిది, ఒకటి ఎడమది అని తెలిసినట్టు. రెండింటి లోపలా నంబరు చదవండి. రెండు కాళ్ళకూ తొడిగి నాలుగడుగులు నడవండి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళ కొనటం ఇంకా నయం. మరి నచ్చకపోతే? విప్పిన జోడును ఎక్కడబడితే అక్కడ పడేయకుండా మళ్ళీ కొక్కేనికి తగిలించి రండి. మీ తరవాత వచ్చే తండ్రికి మీరు చేసిన ఉపకారం ఆయనకు ఎన్నటికీ తెలియదు, కాని పిల్లవాడు మర్నాడు బడికి రెండు బూట్లతో వెళతాడు.