మొదటి లేజర్ కంటే ముందు కొనవలసినది

మా వీధిలో ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతున్న కుర్రవాడొకడు గత వారం వచ్చి, తన ఫోనులో ఒక వస్తువు బొమ్మ చూపించాడు. టార్చిలైటు ఆకారంలో నల్లటి లోహపు గొట్టం, దాని కొసనుంచి నీలి కిరణం. అగ్గిపుల్లను అంటిస్తుందట, బెలూన్లు పేలుస్తుందట, మైళ్ళ దూరం కనిపిస్తుందట. "డాక్టరు తాతగారూ, మొదటిసారి కొంటున్నాను. ఏది మంచిదంటారు?" అని అడిగాడు.

వద్దురా అని ఒక్క మాటతో పంపివేయడం తేలికే. అయితే పెద్దలు వద్దన్న వస్తువును పిల్లలు పెద్దలకు చెప్పకుండా కొంటారని నా ఉద్యోగ జీవితంలో చాలాసార్లు చూశాను. అందుచేత వాడిని కూర్చోబెట్టి చెప్పిన విషయాలనే కొంచెం విపులంగా ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అధిక శక్తిగల చేతి లేజర్ ఎవరికీ 'మొదటి లేజర్' కాకూడదు. ఎందుకో చెబుతాను.

మధుమేహం వలన రెటీనా దెబ్బతిన్నవారికి కంటి వైద్యులు లేజర్ చికిత్స చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఆ చికిత్సలో సాధారణంగా ఆకుపచ్చ కిరణాన్ని వాడతారు. దాని శక్తి చాలా సందర్భాలలో 100 నుంచి 200 మిల్లీవాట్ల ప్రాంతంలో ఉంటుంది. ఒక్కొక్క తాకిడి సెకనులో పదవ వంతు. ఆ కొద్దిపాటి కాలంలోనే రెటీనా మీద చిన్న తెల్లని మచ్చ ఏర్పడుతుంది. అది కాలిన మచ్చ. జబ్బు చేసిన కంటిని కాపాడటానికి, చూపుకు కేంద్రమైన మాక్యులాను జాగ్రత్తగా తప్పించి, శిక్షణ పొందిన వైద్యుడు కావాలని చేసే గాయం అది. మా కుర్రవాడు చూపిన గొట్టం మీద 1000 మిల్లీవాట్లకు పైనే అని రాసి ఉంది. అంటే చికిత్సకోసం రెటీనాను కాల్చడానికి వాడే శక్తికి అయిదు నుంచి పది రెట్లు, జేబులో పెట్టుకొని తిరిగే వస్తువులో!

చిన్నప్పుడు ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చని వారుండరు. మన కన్ను కూడా అటువంటి భూతద్దమే. లేజర్ కిరణాలు దాదాపు సమాంతరంగా ప్రయాణిస్తాయి కాబట్టి, కంటి ముందుభాగం, లోపలి కటకం కలిసి వాటిని రెటీనా మీద అతి సూక్ష్మమైన బిందువుగా కేంద్రీకరిస్తాయి. కంటి ముందు ఉన్న తీవ్రత రెటీనాకు చేరేసరికి సుమారు లక్ష రెట్లు అవుతుంది. పైగా మనం ఆ వెలుగును తిన్నగా చూస్తే ఆ బిందువు పడేది మాక్యులా నడిబొడ్డున. అక్షరాలు చదివేది, మనిషి ముఖం గుర్తుపట్టేది ఆ చోటుతోనే.

అతి స్వల్పకాలాన్ని మనం 'రెప్పపాటు' అంటాం. లేజర్ భద్రతా శాస్త్రం ఆ రెప్పపాటును లెక్కకట్టి పావు సెకనుగా నిర్ణయించింది. వెలుగు తీవ్రంగా పడితే పావు సెకనులో కన్ను మూసుకుంటుంది లేదా తల పక్కకు తిరుగుతుంది అన్న నమ్మకం మీదనే లేజర్ల వర్గీకరణ ఆధారపడి ఉంది. కంటికి కనిపించే కిరణాలలో 1 మిల్లీవాట్ వరకు ఉన్నవి రెండవ తరగతి. రెప్పపాటే వాటినుంచి రక్షణ. 5 మిల్లీవాట్ల వరకు 3ఆర్, 500 మిల్లీవాట్ల వరకు 3బి, ఆపైన నాలుగవ తరగతి. 3బి నుంచి రెప్పపాటు మనను కాపాడలేదు. రెప్ప పడేలోగానే జరగవలసిన నష్టం జరిగిపోతుంది.

నొప్పి పుడుతుందని అనుకోకండి. రెటీనాకు నొప్పి తెలియదు. తళుక్కున వెలుగు కనిపిస్తుంది, తరువాత చూపు మధ్యలో ఒక మచ్చ నిలుస్తుంది. టార్చి చూసినప్పుడు కనిపించే మచ్చలాంటిదే, పోతుందిలే అనుకుంటారు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు రెండవ కన్ను ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది కాబట్టి కొందరికి రోజుల తరబడి సంగతే తెలియదు.

కొనుగోలు విషయంలో జనం చేసే మొదటి పొరపాటు, వెలుగును చూసి శక్తిని అంచనా వేయడం. మన కన్ను అన్ని రంగులనూ ఒకే విధంగా గ్రహించదు. పసుపుపచ్చకూ ఆకుపచ్చకూ మధ్య రంగు దానికి అత్యంత ప్రకాశవంతం. 450 నానోమీటర్ల నీలి కిరణం అంతే శక్తిగల 532 నానోమీటర్ల ఆకుపచ్చ కిరణంతో పోలిస్తే ఇరవయ్యో వంతు కంటే తక్కువ వెలుగుతో కనిపిస్తుంది. అందుకే నీలి లేజర్ చూడటానికి సౌమ్యంగా ఉంటుంది, చేసే హాని మాత్రం తగ్గదు.

రెండవది ఆకుపచ్చ లేజర్ల సంగతి. చవకగా దొరికే వాటిలో చాలావరకు నేరుగా ఆకుపచ్చ కాంతిని పుట్టించవు. లోపల 808 నానోమీటర్ల పరారుణ కిరణం ఒక స్ఫటికంలో 1064గా మారి, మరొక స్ఫటికంలో 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుతుంది. మిగిలిపోయిన పరారుణ కాంతిని ఆపడానికి ఒక ఫిల్టర్ ఉండాలి. పది రూపాయలు ఆదా చేయడానికి తయారీదారు దానిని తీసివేస్తే, కనిపించని కిరణం కూడా బయటికి వస్తుంది. కనిపించని దానికి రెప్ప మూసుకోదు. అమెరికా ప్రమాణాల సంస్థ 2013లో 122 లేజర్ పాయింటర్లను పరీక్షించి చూస్తే, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవు. కఠినమైన చట్టాలున్న దేశంలోనే స్థితి అది. కాబట్టి పెట్టె మీద అంటించిన కాగితంలో '5 మిల్లీవాట్ల లోపు' అని ఉన్నంతమాత్రాన నమ్మకూడదు. ఆకుపచ్చే కావాలనుకుంటే 520 నానోమీటర్ల నేరు డయోడ్ రకాన్ని ఎంచుకోవడం మేలు. ఈ పరారుణ బెడద దానికి లేదు.

ఇంతకీ లేజర్ దేనికి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. తరగతిలో తెరమీద చూపడానికి 1 మిల్లీవాట్ చాలు. పిల్లలకు రాత్రి ఆకాశంలో నక్షత్రాలు చూపడానికి 5 మిల్లీవాట్లు మించని ఆకుపచ్చది చాలు, అదీ ఆకాశంలో విమానం ఏదీ లేదని చూసుకొని. చెక్క మీద బొమ్మలు చెక్కాలంటే నాలుగు వైపులా మూసి ఉండి, మూత తెరవగానే ఆగిపోయే యంత్రం కొనాలి. చేతిలో పట్టుకొని చెక్కడం ఎలాగూ కుదరదు. ఇక మిగిలింది అగ్గిపుల్లలు అంటించడం. అగ్గిపుల్లకు అగ్గిపెట్టె ఉంది కదరా అన్నాను. వాడు నవ్వాడు. సరదాను నేను తప్పుపట్టను, ఆ వయసులో మేమూ తక్కువ తినలేదు. కానీ ఈ సరదాకు మూల్యం చెల్లించేది తరచుగా పక్కన నిలబడి చూస్తున్న తమ్ముడో స్నేహితుడో.

ఇంత చెప్పినా కొంటామనేవారికి నా షరతు ఒక్కటే: ముందు కళ్ళజోడు, తరువాత లేజర్. పెట్టెలో ఉచితంగా వచ్చే ప్లాస్టిక్ అద్దాలు కాదు, చలువ కళ్ళద్దాలు అసలే కాదు. లేజర్ రక్షణ కోసమే తయారై, ఏ నానోమీటర్ల నుంచి ఏ నానోమీటర్ల వరకు, ఎంత 'ఆప్టికల్ డెన్సిటీ'తో ఆపుతుందో అద్దం మీదనో ఫ్రేము మీదనో ముద్రించి ఉన్నవి కావాలి. ఐరోపా ప్రమాణం 'ఈఎన్ 207' గుర్తు ఉంటే మంచిది. ఆప్టికల్ డెన్సిటీ 3 అంటే వెయ్యవ వంతు కాంతి మాత్రమే లోపలికి వస్తుంది, 5 అంటే లక్షవ వంతు. 1 వాట్ కిరణానికి 3 అయితే కంటికి చేరేది ఇంకా 1 మిల్లీవాట్; అందుచేత 4 లేదా 5 ఉన్నవి తీసుకోవాలి. నీలి కిరణాన్ని ఆపే నారింజరంగు అద్దాలు ఎరుపును, పరారుణాన్ని ఆపుతాయన్న హామీ లేదు. చవకరకం ఆకుపచ్చ లేజర్‌కైతే 532తో పాటు 808, 1064 కూడా ఆపేవి కావాలి. గదిలో ఎంతమంది ఉంటే అన్ని జోళ్ళు ఉండాలి. అవి పెట్టుకున్నా కిరణంలోకి తిన్నగా చూడరాదు; పొరపాటున పడిన దానినుంచి కాపాడటానికే అవి.

లేజర్‌కు తాళంచెవి, కొసకు మూత ఉన్నవే తీసుకోండి. పని కాగానే బ్యాటరీ తీసి వేరేచోట దాచండి. మన ఇళ్ళలో మెరిసే వస్తువులకు కొదవ లేదు: బీరువా అద్దం, స్టీలు గిన్నెలు, టీవీ తెర, గచ్చు పలకలు, చేతి గడియారం, ఉంగరం. వీటిలో దేనిమీద పడినా కిరణం ఎటు తిరుగుతుందో చెప్పలేం. నాలుగవ తరగతి లేజర్ అయితే తెల్లని గోడ మీద పడిన చుక్కను దగ్గరనుంచి చూడటమే ప్రమాదం. కిరణాన్ని ఎప్పుడూ కంటి ఎత్తుకు దిగువన, నేలవైపు, మెరుపులేని ఇటుకలాంటి దానిమీదికి ప్రయోగించాలి. దోమతెరలు, కర్టెన్లు దరిదాపుల్లో ఉండకూడదు. ఆరుబయట దూరంగా ఉన్నవారికి ఏమీ కాదనుకోవడం కూడా భ్రమే. బాగా సన్నగా సాగే 1 వాట్ కిరణం 200 మీటర్ల దూరంలోనూ కంటిని గాయపరచగలదు. విమానం వైపు తిప్పడం గురించి చెప్పనక్కరలేదు. దిగబోతున్న విమానంలో పైలట్ కళ్ళు కొన్ని క్షణాలు చెదిరినా ఎంతమంది ప్రాణాలమీదికి వస్తుందో ఊహించండి. అమెరికాలో 2012 చట్టం ప్రకారం అది అయిదేళ్ళ వరకు జైలుశిక్ష పడే నేరం.

సందర్భం వచ్చింది కాబట్టి మరొక మాట. పెళ్ళి ఊరేగింపులలో, నిమజ్జనాలలో డీజే బండ్ల మీదనుంచి జనం ముఖాలమీదికి లేజర్లు తిప్పుతున్నారు. ఆ కిరణం తగిలి ఫోను కెమెరా పాడైందని బాధపడేవారిని చూశాను. పక్కనే భుజాలమీద కూర్చున్న పసివాడి కళ్ళ గురించి ఎవరూ అడగడం లేదు. మనుషులను శాశ్వతంగా గుడ్డివారిని చేయడానికే రూపొందించిన లేజర్ ఆయుధాలను యుద్ధంలో సైతం వాడకూడదని దేశాలు 1995లో ఒప్పందం చేసుకున్నాయి. మనం మాత్రం వేడుకలో ఎదురుగా నిలబడుతున్నాం.

పొరపాటున కంటిలో పడితే ఏం చేయాలి? కన్ను నలపకండి, చుక్కల మందులు మీరే వేసుకోకండి. ఒక కన్ను మూసి రెండవదానితో గళ్ళ కాగితం గాని పంచాంగంలో గడులు గాని చూడండి. గీతలు వంకర తిరిగినా, మధ్యలో కొంత భాగం మాయమైనా అదేరోజు రెటీనా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. ఏ తేడా లేదనిపించినా, 3బి లేదా నాలుగవ తరగతి లేజర్ అయితే పరీక్ష మానవద్దు. వైద్యుడు కనుపాప పెద్దది చేసి చూస్తాడు, ఓసీటీ అనే స్కాన్ తీస్తాడు. కొందరికి వారాలు, నెలల్లో చూపు కొంత మెరుగవుతుంది. రెటీనా నడుమ రంధ్రం పడితే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. కాలిపోయిన కణాలను తిరిగి మొలిపించే మందు మాత్రం మా దగ్గర లేదు. ఆ లేజర్‌ను, దాని పెట్టెను కూడా వెంట తీసుకువెళ్ళండి. పిల్లలు తిడతారని భయపడి టార్చిలైటు చూశాననో ఎండ చూశాననో చెబుతుంటారు. ఆ సమయంలో వారిని మందలించకండి. ఏ రంగు, ఎంతసేపు, ఎంత దూరం నుంచి అన్న మూడు ప్రశ్నలకు నిజమైన జవాబు రాబట్టి వైద్యునికి చెప్పండి.