దొర్కా కుట్టిన అంగీ
క్రిస్మస్ వస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో కానుకలు కొనే మనం, సేవకు తోడ్పడే చేతిపని వస్తువులైతే బాగుంటుందనుకుంటాం. మంచి ఆలోచనే. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు చూపించి ఏడ్చారు (అపొస్తలుల కార్యములు 9). చేతిపనికి అంతటి సాక్ష్యముంది.

అయితే ఆ డబ్బులో చేసిన చేతికి ఎంత చేరుతోంది? పశ్చిమ గోదావరిలోని నరసాపురం లేసునే చూడండి. 1844లో స్కాట్లాండు మిషనరీలైన మెక్‌రే దంపతులు పేద స్త్రీలకు ఆ అల్లిక నేర్పారని చెబుతారు. తర్వాత లేసు విదేశాలకు వెళ్లింది. లాభం వ్యాపారులకు చేరింది, అల్లినవారికి మాత్రం అరకొర కూలే మిగిలింది. ఇంట్లో తీరిక వేళ చేసే పని అంటూ వారి శ్రమకు విలువ కట్టలేదని 1982లో పరిశోధకురాలు మరియా మీస్ తన పుస్తకంలో రాశారు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు కూలిలోనూ కనిపించాలి.

మన మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలున్నాయి. పుంగనూరు, కుప్పం పల్లెల్లో పట్టుపురుగులు పెంచే రైతులున్నారు. వారి దగ్గర గీచిగీచి బేరమాడి, మిగిల్చిన సొమ్మును కానుకపెట్టెలో వేస్తే అది ధర్మమవుతుందా? కూలి ఎగ్గొట్టేవారిని యాకోబు పత్రిక 5వ అధ్యాయం గట్టిగా హెచ్చరిస్తోంది. ఈసారి కొనేముందు ఎవరు చేశారు, వారికెంత ఇచ్చారు అని అడుగుదాం. జవాబు దొరికిన చోటే కొందాం.