దీర్ఘవృత్తం పేరుతో మెట్లు అమ్ముతున్నారు

ముందే చెప్పేస్తున్నా, ఇది వ్యాయామం మీద టపా కాదు, నాలుగు ఇనప ముక్కల మీద టపా. మెకానికల్ చదివి, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ రాగానే ఆ పుస్తకాలు అటకెక్కించిన నాబోటి వాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. మిగతావాళ్ళు ఎలిప్టికల్ మిషన్ కొనేముందు చివరి పేరాలైనా చూసుకోండి.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మెట్లు తగ్గించమని, కుదుపు లేని వ్యాయామం ఏదైనా చెయ్యమని డాక్టరుగారు అన్నారు. కొడుకు ఐటీలో ఉన్నాక ఇంక ఆలోచించేదేముంది? నాలుగు రివ్యూలు చదివి ఆన్‌లైన్లో ఒక ఎలిప్టికల్ కొనిపడేశాను. సరిగ్గా పదో రోజున అమ్మ దిగిపోయి, "ఇది నేను నడిపేది కాదురా, ఇదే నన్ను నడిపిస్తోంది. రోజూ మూడంతస్తులు ఎక్కినట్టుంది" అంది.

"అలవాటవ్వాలమ్మా" అన్నాను నేను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ ఆదివారం టేపు పట్టుకుని దాని ముందు కూర్చుంటే, అమ్మ చెప్పింది అక్షరాలా నిజమని తేలింది.

ఫోర్ బార్ మెకానిజం గుర్తుందా? పరీక్షకి ముందు రాత్రి బట్టీ పట్టాం కదా, అదే. ఇళ్ళకి కొనే చవక ఎలిప్టికల్స్‌లో చాలావాటికి అదే గుండెకాయ. ఫ్రేము ఒక లింకు. వెనకాల చక్రం దగ్గర తిరిగే క్రాంకు రెండోది. పాదాలు పెట్టుకునే పొడుగాటి గొట్టం మూడోది. ముందు ఊగే చేతికర్ర నాలుగోది. క్రాంకు గుండ్రంగా తిరుగుతుంది, చేతికర్ర ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మధ్యలో పెడల్ ఎటు పోతే మన పాదం అటు పోతుంది. దీనికున్నది ఒకే ఒక్క డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్. అంటే క్రాంకు ఎక్కడుందో చెప్తే పాదం ఎక్కడుందో తేలిపోయినట్టే. మీ ఎత్తు, మీ అంగ, మీ నొప్పి... ఏదీ దానికి ఇన్‌పుట్ కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. మా మిషన్లో క్రాంకు 15 సెంటీమీటర్లు. గొట్టం 90, అందులో పెడల్ ముందు కీలు నుంచి 60 దగ్గరుంది. అడ్డంగా పాదం కదిలేది దాదాపు క్రాంకుకి రెట్టింపు, అంటే 30 సెంటీమీటర్లు. అది అంగ కాదు, అంగలో సగం. నిలువుగా కదిలేది ఆ 30లో మూడింట రెండొంతులు, అంటే 20. మామూలు ఇంటి మెట్టు ఎత్తెంత? 17, 18 ఉంటుంది. మెట్లు ఎక్కొద్దన్న మనిషిని తీసుకొచ్చి, మెట్టుకన్నా ఎక్కువ ఎత్తుకి నిమిషానికి యాభైసార్లు మోకాలు లేపించానన్నమాట!

ఇంతకీ పేరు చూడండి, ఎలిప్టికల్! నిజమైన దీర్ఘవృత్తం గియ్యాలంటే ఎలిప్టికల్ ట్రామెల్ కావాలి, రెండు గాళ్ళలో రెండు స్లైడర్లు జారేది. అదీ మనం చదివిందే. ఈ పెడల్ గీసేది కప్లర్ కర్వ్, దాని సమీకరణం ఆరో డిగ్రీ దాకా పోతుంది. కోడిగుడ్డు ఆకారం అన్నా సరిపోతుంది. పోనీ పేరులో ఏముందిలెండి, ఆ గుడ్డు పొడుగెంత, ఎత్తెంత అన్నదే నా గొడవ.

ఆలోచన చెడ్డదని నేననట్లేదు. పాదం పెడల్ మీంచి లేవదు కాబట్టి నేలకి కొట్టుకునే దెబ్బ ఉండదు, అది గొప్ప సంగతే. 1995లో ప్రీకోర్ వాళ్ళు తెచ్చిన ఈఎఫ్ఎక్స్‌లో క్రాంకు వెనకుంటే, ముందు కొస రోలర్ల మీద ఏటవాలు పట్టాలపై జారుతుంది. ఆ వాలు మారిస్తే పాదం దారి మారుతుంది. అంటే జామెట్రీయే అసలు సరుకని వాళ్ళకి అప్పుడే తెలుసు. 50 సెంటీమీటర్ల అంగ కావాలంటే పాతిక సెంటీమీటర్ల క్రాంకు పెట్టాలి, లేదా కదలికని పెంచే అదనపు లింకులు పెట్టాలి. రెంటికీ ఉక్కు కావాలి, చోటు కావాలి, డబ్బు కావాలి. అక్కడ మిగిల్చిన డబ్బులో కొంత పెట్టి స్క్రీన్ అంటిస్తున్నారు, మనం స్క్రీన్ చూసి కొంటున్నాం.

ఫ్లైవీల్ బరువు ఇంకో మాయ. "10 కేజీల ఫ్లైవీల్" అని పెద్దక్షరాల్లో వేస్తారు. కాలికి తెలిసేది బరువు కాదు, ఇనర్షియా. అది క్రాంకు దగ్గరికి వచ్చేసరికి స్పీడు నిష్పత్తి వర్గంతో హెచ్చించబడుతుంది. ఒకే సైజు చక్రాలనుకుంటే, 10 కేజీలది అయిదు రెట్లు వేగంగా తిరిగితే 250. 6 కేజీలది ఎనిమిది రెట్లు తిరిగితే 384. తేలికదే నున్నగా నడుస్తుంది! ఆ నిష్పత్తి మాత్రం బ్రోచర్లో ఎక్కడా కనబడదు.

ఇక క్యాలరీల మీటరు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఇదైనా పట్టుకోవద్దూ? నాబ్‌ని 1 మీద పెట్టి వంద చుట్లు తొక్కాను. 8 మీద పెట్టి, చెమటలు కక్కుతూ ఇంకో వంద. రెండుసార్లూ అదే అంకె! పక్క మూత విప్పితే కథ అర్థమైంది. నాబ్‌కి ఒక కేబులు, అది అయస్కాంతాల్ని చక్రం దగ్గరికి జరుపుతుంది, అంతే. మీటరుకి వచ్చే వైరు వేరే, ఒక చిన్న రీడ్ స్విచ్ నుంచి, చుట్టుకో పల్స్. లోడు ఎంతో దానికి తెలీదు, మనిషి బరువెంతో అడగదు. చుట్లని ఏదో స్థిరాంకంతో గుణించి క్యాలరీలని చూపిస్తోంది. మన కోడ్ రివ్యూలో ఇలాంటిది వస్తే ఊరుకుంటామా? ఎలిప్టికల్స్‌కి ఐఎస్ఓ 20957 అని ప్రమాణం ఉంది. అందులో కచ్చితత్వానికి ఏ, బీ, సీ తరగతులున్నాయి. సీ అంటే అన్నిటికన్నా తక్కువది. మా మిషన్ స్టిక్కరు మీద ఆ అక్షరమే ఉంది, చీమ తలకాయంత సైజులో :)

"ఆ ధరకి అంతే వస్తుందండీ" అంటారు కొందరు. ఒప్పుకుంటాను. చవగ్గా చెయ్యడం తప్పు కాదు, కొలత దాచడమే తప్పు. చెప్పుల డబ్బా మీద కూడా సైజు వేస్తారు. అంగ పొడుగు, ఎత్తు, రెండు పెడల్స్ మధ్య ఎడం, ఈ మూడంకెలు వెయ్యడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

సగం తప్పు మనదే. మా అపార్ట్‌మెంట్ జిమ్‌కి ఇప్పుడు మూడు మిషన్లు కొంటున్నారు. వాట్సాప్ గ్రూపులో మూడొంతులు ఇంజనీర్లే, చర్చంతా బ్లూటూత్ మీదే. అంగ పొడుగెంతని అడిగితే సేల్స్ అబ్బాయి "ఫుల్ స్టీల్ బాడీ సార్" అన్నాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

అందుకే ఆదివారం షోరూంకి నేనూ వెళ్తున్నాను. పెడల్‌కి ఒక స్కెచ్ పెన్ను టేపుతో అంటించి, పక్కన అట్టముక్క పట్టుకుని, చేత్తో మెల్లిగా ఒక చుట్టు తిప్పితే చాలు, మిషన్ తన జాతకం తనే గీసిస్తుంది. ఎత్తు మెట్టంత ఉంటే వద్దనేస్తాను. అమ్మని కూడా తీసుకెళ్తున్నాను. క్రితంసారి టేపుకన్నా ముందు కొలిచింది ఆవిడే కదా.