నూటికి నూరు శాతం – మరి మిగతా పిల్లలేరి?

ప్రతి ఏడూ పదో తరగతి ఫలితాలు రాగానే బడుల ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. ‘నూటికి నూరు శాతం ఉత్తీర్ణత’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. దాని కింద నిలబడి మన పల్లె తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవరూ అడగడం లేదు గనక మేమే అడుగుతున్నాం. ఎంతమందిని లెక్కలోకి తీసుకుంటే అది నూరు శాతమైంది?

ఆరో తరగతిలో 60 మంది చేరారనుకుందాం. పదో తరగతి పరీక్ష రాసింది 38 మంది. 38 మందీ పాసయ్యారు. బడికి నూరు శాతం వచ్చింది. చేరిన పిల్లల్ని బట్టి చూస్తే అది 63 శాతమే. మిగిలిన 22 మంది ఏమైపోయారు? వాళ్లలో ఎక్కువమంది ఎవరి పిల్లలో మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టినోళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మేం బడిపంతుళ్లం. ఈ పని ఎట్టా జరుగుతుందో లోపలుండి చూసినవాళ్లం. సిగ్గు విడిచి చెప్పాలంటే, చేసినవాళ్లం కూడా. శాతం తగ్గితే పై అధికారి మీటింగులో అందరి ముందూ నిలబెడతాడు. సంజాయిషీ రాయమంటాడు. ఆ భయానికి పంతులు తొమ్మిదో తరగతిలోనే జల్లెడ పడతాడు. తాలు అనుకున్న పిల్లాడి తండ్రికి కబురు పెడతాడు. “మీవాడికి చదువెక్కదు. టీసీ తీసుకుపోయి ఓపెన్ స్కూల్లో కట్టించు” అంటాడు. “తమరెట్టా చెబితే అట్టాగే అయ్యా” అంటాడు తండ్రి. బడి శాతం నిలబడింది. పిల్లాడు మిరపకాయల కోతకు పోయాడు.

బడిలో మిగిలినోళ్లకైనా చదువు అందుతుందా? సంక్రాంతి దాటాక ఏ, బీ, సీ అని గ్రూపులు చేస్తాం. సీ గ్రూపుకు పాఠం ఉండదు. లెక్కల్లో గ్రాఫు, సైన్సులో బొమ్మలు, సోషల్లో పటం గుర్తించడం. 35 మార్కులకు ఎంత కావాలో అంతే తిప్పి తిప్పి రాయిస్తాం. ఒక ఏడు సీ గ్రూపులోని మన పల్లె పిల్లాడు లేచి, “సార్, రాజ్యాంగం పాఠం మాకు చెప్పరా?” అని అడిగాడు. “అది నీకెందుకురా, పటం గీసుకో” అన్నాం. అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం అంబేడ్కర్ బిడ్డకు అక్కర్లేదన్నది పరాయివాళ్లెవరో కాదు, మేమే. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది.

2020, 2021లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. బడులు మూసి ఫోన్లలో పాఠాలు చెప్పారు. 2022లో పరీక్ష పెడితే ఆంధ్రప్రదేశ్‌లో పాసైంది 67.26 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు తప్పారు. ఇంటికొక ఫోనున్న పిల్లకూ, అసలు ఫోనే లేని పిల్లకూ ఇచ్చింది ఒకటే ప్రశ్నపత్రం. మామూలు ఏడాదిలోనూ అంతే. పరీక్షలు మార్చిలో. గుంటూరు వైపు మిరప కోతలూ అప్పుడే. తల్లి కోతకు పోతే ఇంటికాడ చంటిబిడ్డను ఎత్తుకునేది పదో తరగతి చదివే ఆడపిల్లే. తప్పితే ఆ పిల్లకు సంబంధం చూస్తారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1907లో మెట్రిక్ పాసయ్యారు. వచ్చిన మార్కులు 750కి 282. శాతంలో 38 కూడా లేదు. సంస్కృతం చదువుతానంటే అంటరానివాడని చదవనివ్వలేదు, పర్షియన్ తీసుకున్నారు. మా బడిలో ఉంటే ఆయన సీ గ్రూపే. కానీ ఆయన మనుషులు సభ పెట్టి మెచ్చుకున్నారు. కేళూస్కర్ గారు తాను రాసిన బుద్ధుడి చరిత్ర చేతిలో పెట్టారు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ ఇచ్చారు. 1913లో కొలంబియా చేరారు. మార్కులు చూసి ఆనాడే వదిలేసి ఉంటే?

“అయితే పరీక్షే వద్దంటారా?” అని మనవాళ్లే అడుగుతారు. వద్దనడం లేదు. జవాబు పత్రం మీద నంబరే ఉంటుంది, కులం ఉండదు. ఆ నంబరు వల్లే మేం పంతుళ్లమయ్యాం. ముఖం చూసి మార్కులేసే రోజులు మనకొద్దు. బడికి శాతం అంటగట్టి, ఆ శాతం కోసం పిల్లల్ని బయటికి తోయడాన్నే కాదంటున్నాం. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపొద్దంది. 2019లో దాన్ని సవరించారు. 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్లకు రెండు నెలల్లో మళ్లీ రాయించి, అప్పటికీ తప్పితే ఆపేయవచ్చన్నారు. శాతం పిచ్చి పోకుండా దీన్ని అమలు చేస్తే జల్లెడ పదేళ్ల పిల్లల దాకా దిగుతుంది.

అందుకని పల్లెపల్లెలో మూడు పనులు చేద్దాం. బడి గోడ మీద పాసైన శాతం పక్కనే ఆరులో ఎంతమంది చేరారో, పదిలో ఎంతమంది రాశారో కూడా రాయమని తల్లిదండ్రుల కమిటీలో పట్టుబడదాం. పంతులు టీసీ తీసుకోమంటే ఎవరూ ఒంటరిగా వేలిముద్ర వేయొద్దు, సంఘానికి చెప్పండి. తప్పిన పిల్లను పెళ్లికీ, పిల్లాడిని కూలికీ తోలకముందు సప్లిమెంటరీ ఫీజు కట్టండి. మన డిగ్రీ కుర్రాళ్లు రోజుకో గంట అంబేడ్కర్ బొమ్మ కాడ కూర్చుని చెప్పాలి. మేమూ వస్తాం. ఈసారి రాజ్యాంగం పాఠంతోనే మొదలుపెడతాం.

జై భీమ్!