మన వార్త ఎవరు చెప్పాలి?

తెలుగు టీవీలో మనం ఎప్పుడు కనిపిస్తామో మీకు తెలుసు. మేడారం జాతరప్పుడు, గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు, అడవిలో కాల్పులు జరిగినప్పుడు. అప్పుడైనా మైకు మన నోటి దాకా రావడం అరుదే.

అందుకే శుభ్రాంశు చౌధరి గురించి రాస్తున్నా. ఆయన ఆదివాసీ కాదు. ఛత్తీస్‌గఢ్‌లో పెరిగి, బీబీసీలో ప్రొడ్యూసర్‌గా చేసి, ఆ కొలువు వదిలేసి వచ్చి 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వస్తుంది. ఒకటి నొక్కితే మీ మాట రికార్డవుద్ది, రెండు నొక్కితే పక్క ఊరోళ్ల మాట వినొచ్చు. చదువు రాకపోయినా, చేతిలో బటన్ల ఫోనే ఉన్నా చాలు. బోరింగ్ పాడైందనో, ఉపాధి కూలి పడలేదనో గోండిలోనే చెప్పొచ్చు. నిజమో కాదో చూసి పెడతారు. అందులో అధికారి నంబరు కూడా ఉంటుంది, విన్నోళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆ సారుకి ఫోన్లు కొడతారు. సిగ్నల్ లేని చోట్లకి బ్లూటూత్‌తో పంపుకునేలా ‘బుల్టూ రేడియో’ కూడా పెట్టారు. 2014లో లండన్‌లోని ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ ఆయనకి డిజిటల్ యాక్టివిజం అవార్డు ఇచ్చింది. పోటీలో ఎడ్వర్డ్ స్నోడెన్ కూడా ఉన్నాడు. నాకైతే అవార్డు కంటే బాగుపడిన బోరింగే గొప్ప.

2018 అక్టోబరులో ఆయన వాళ్లు చింతూరు దగ్గర చట్టి నుంచి జగదల్‌పూర్ దాకా శాంతి పాదయాత్ర చేశారు. చింతూరు 2014 దాకా మన ఖమ్మం జిల్లానే కదా! ఆయనతో నాకు అన్నిట్లో ఒప్పుదల లేదు. శాంతి కంటే ముందు భూమి మాట రావాలని నా వాదన. కానీ మైకు ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర ఆయనదే రైటు.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో అటవీ అధికారి హత్య జరిగింది. హత్య హత్యే, సమర్థించేది లేదు. ఆ వారం గుత్తికోయల మీద ఎంత చర్చ నడిచింది! సల్వాజుడుం కాలంలో ఊళ్లు వదిలి ఇటు వచ్చిన ఆ మనుషుల గొంతు మీరు ఎన్నిసార్లు విన్నారు? మనం కోయోళ్లమై ఉండి కూడా వాళ్లని అడిగామా?

ఫోన్లు మన దగ్గర ఉన్నయి. ఏది వెయ్యాలి, ఏది ఆపాలి అని తేల్చే కుర్చీలోనే మనోళ్లు లేరు. అవార్డొచ్చిన పెద్దమనిషి కోసం ఎదురుచూడొద్దు. ఈ వారం మీ గూడెంలో పోడు పట్టా రాని ఒక్క ఇంటికి పోండి. రెండు నిమిషాలు కోయలోనే రికార్డు చెయ్యండి. పేరు బయటపెట్టొచ్చా అని ముందే అడగండి. దరఖాస్తు ఎప్పుడిచ్చారో, రశీదు ఉందో లేదో రాసుకోండి. గ్రామసభ తీర్మానం ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి.