కారు రేడియోలో గరగర ఎందుకు?

కారు రేడియో గరగరలాడితే సెట్టు చెడిపోయిందని వెంటనే నిర్ణయించడం తొందరపాటు. మా సెట్టు మార్చవలసిందేనని ఒక మెకానిక్ తేల్చిచెప్పాడు. దాని ఖరీదు మా ఇంటి నెల సరుకుల ఖర్చుకు సమానం. ఇంటికి వచ్చి, లైటర్ సాకెట్టులోని మొబైల్ చార్జర్ ఊడదీశాను, రొద ఆగిపోయింది! చౌకరకం చార్జర్లు, ఎల్.ఇ.డి. దీపాలు తామే రేడియో తరంగాలను వెదజల్లుతాయి.

కనుక మొదట వాటిని తీసి వినండి. ఇంజన్ వేగంతోపాటు రొద స్వరం హెచ్చుతూ తగ్గుతూ ఉంటే, ఆల్టర్నేటర్‌నో ఇగ్నిషన్‌నో అనుమానించాలి. ఇంజన్ ఆపినా రొద పోకపోతే ఏంటెనా మొదలు చూడండి. వానాకాలంలో అక్కడ తుప్పు పట్టడం, బిగింపు వదులుకావడం మామూలే. ఏంటెనా అద్దంలో ఇమిడివున్న కార్లలో, లోహపు పొర గల సన్‌ఫిల్మ్ కూడా అడ్డే.

అన్ని దోషాలూ కారువి కావు. ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి గనుక శ్రీశైలం ఘాట్‌రోడ్డులో కొండ చాటుకు వెళ్లగానే క్షీణిస్తాయి. నగరంలో సిగ్నల్ వద్ద ఆగినప్పుడు మాట తెగి, కారు గజం జరగగానే మళ్లీ వినిపించడం మరొక వింత. భవనాలను తాకి వచ్చిన తరంగాలు నేరుగా వచ్చినవాటిని కొన్ని చోట్ల రద్దుచేస్తాయి. 100 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 3 మీటర్లే. అందుకే ఆ గజం చాలు.