హెల్మెట్‌లో ఊపిరాడదనే వారికి, వారిని చూసి నవ్వే వారికి

"హెల్మెట్ నాకు పడదు డాక్టరుగారూ, ఆ మాట ఒక సర్టిఫికెట్‌గా వ్రాసివ్వండి." ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన రోజులలో ఈ కోరిక నా బల్ల ముందుకు ఎన్నిసార్లు వచ్చినదో లెక్క లేదు. పదవీ విరమణ తరువాత కూడా పెళ్లిళ్లలో, ఉదయపు నడకలో వినబడుతూనే ఉన్నది. అడిగేవారిలో అధికులు జుట్టు ఊడుతుందనో, మెడ నొప్పి అనో నెపం చెబుతారు. వారి సంగతి నేడు నాకు అక్కరలేదు. కాని ఆ గుంపులో కొందరు వేరు. హెల్మెట్‌లో తల దూర్చి అద్దం మూయగానే గుండె దడదడలాడుతుందని, ఊపిరి అందదని, ఇంకొక్క క్షణం ఉంటే ప్రాణం పోతుందనిపిస్తుందని వారు సిగ్గుతో తల వంచుకుని చెబుతారు. ఈ వ్యాసం వారి పక్షాన వ్రాస్తున్నాను. వారు కోరే సర్టిఫికెట్‌కు మాత్రం నేను బద్ధ వ్యతిరేకిని.

మొదట నా తప్పు చెప్పుకోవలెను. చాలా ఏళ్ల క్రితం ఒక ఉపాధ్యాయుడు ఇదే బాధతో నా వద్దకు వచ్చారు. గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, "మీకు ఏ జబ్బూ లేదు మాస్టారూ, మనసు గట్టి చేసుకోండి" అని నవ్వి పంపివేశాను. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి ఆయనను క్యాజువాలిటీకి తీసుకొని వచ్చారు. రోడ్డుకు అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి పడిపోయారు. హెల్మెట్ బండి హ్యాండిల్‌కు తగిలించి ఉన్నదని, దానిమీద గీత కూడా పడలేదని తెచ్చినవారు చెప్పారు. ఆయన బ్రతికారు, కాని మళ్లీ తరగతి గదిలో పాఠం చెప్పలేకపోయారు. హెల్మెట్ పెట్టుకోకపోవడం ఆయన నిర్లక్ష్యమని అందరూ అన్నారు. చికిత్స అడగడానికి వచ్చిన మనిషికి హితబోధ చేసి పంపిన నా నిర్లక్ష్యం గురించి ఎవరూ అనలేదు.

ఈ భయానికి వైద్యంలో పేరున్నది. ఇరుకైన చోట చిక్కుకున్నామన్న భీతిని క్లాస్ట్రోఫోబియా అంటాము. అది హఠాత్తుగా ఉప్పెనలా లేస్తే పానిక్ ఎటాక్ అవుతుంది. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం లేని ప్రమాదాన్ని ఉన్నట్లు గుర్తించి గంట కొడుతుంది. అడ్రినలిన్ రక్తంలోకి చేరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. మనిషి గబగబా ఊపిరి తీయడం మొదలుపెడతాడు. అసలు చిక్కు ఇక్కడే. అతిగా ఊపిరి తీసినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి. అందువలన తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, విచిత్రంగా ఊపిరి చాలడం లేదనే భావన ఇంకా పెరుగుతుంది. ఆ భావన భయాన్ని, భయం మళ్లీ శ్వాసవేగాన్ని పెంచుతాయి. బాధ నూటికి నూరుపాళ్లు నిజం. అయితే దాని కారణం గాలి లేకపోవడం కాదు.

హెల్మెట్ సీలు వేసిన డబ్బా కాదు. అడుగున మెడ చుట్టూ తెరచి ఉంటుంది, మంచి వాటికి గడ్డం దగ్గర, నుదుటిపైన గాలి రంధ్రాలు ఉంటాయి. సిగ్నల్ వద్ద అద్దం మూసి నిలబడితే లోపల వదిలిన గాలి కొంత నిలిచి ఉక్కపోస్తుంది, ఇది ఒప్పుకుంటాను. అద్దం ఎత్తినా, బండి కదిలినా అది పోతుంది.

ఇప్పుడు ముగ్గురిని నిలదీయవలసి ఉన్నది. మొదటివారు నవ్వేవారు. "మగాడివి, ఇంత పిరికితనమా" అనే స్నేహితులు, "నాటకాలు" అనే ఇంటివారు. పాము భయాన్ని అర్థం చేసుకునే మనం ఈ భయాన్ని ఎందుకు వెక్కిరిస్తాము? వెక్కిరింపుకు జడిసినవాడు వైద్యుడి వద్దకు రాడు. హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని, పోలీసు కనబడినప్పుడు మాత్రం తలకు తగిలించుకుంటాడు.

రెండవవారు నా వృత్తిలోనివారే. జాలిపడి "హెల్మెట్ ధరించరాదు" అని చీటీ వ్రాసేవారు తాము ఏమి వ్రాస్తున్నారో ఆలోచించాలి. భయపడే వస్తువును తప్పించుకున్న ప్రతిసారీ భయం మరింత వేళ్లూనుతుందని మనకు బోధించారు. ఆ చీటీ జబ్బును నయం చేయదు, శాశ్వతం చేస్తుంది. కింద పడినప్పుడు తారురోడ్డు ఆ చీటీని చదవదు.

మూడవవారు జరిమానాతో పని అయిపోయిందనుకునేవారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనుక కూర్చున్నవారికి కూడా, హెల్మెట్ తప్పనిసరి చేసినది. ఉల్లంఘనకు 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై అనర్హత ఉన్నాయి. చట్టం ఉండవలసినదే. కాని పానిక్‌తో వణికేవాడికి జరిమానా మందు కాదు.

"నేను మెల్లగా పోతాను, మా వీధి చివరికే కదా" అనేవారికి ఒక లెక్క. బండిపై కూర్చున్న మనిషి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి నిలిచి ఉండగా పక్కకు ఒరిగి పడినా, ఆ ఎత్తు నుండి తల నేలను తాకేటప్పటికి వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు ఉండగలదు. పుర్రె పగలడానికి హైవే అక్కరలేదు.

ఈ జ్ఞానం కొత్తది కాదు. 1935లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరొందిన టి.ఇ. లారెన్స్ ఇంగ్లాండులో మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి కన్నుమూశాడు. చూసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తరువాత తల గాయాలను శ్రద్ధగా పరిశీలించి, హెల్మెట్ ప్రాముఖ్యాన్ని 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. అయినా బ్రిటన్‌లో సామాన్య పౌరులకు అది తప్పనిసరి కావడానికి 1973 దాకా పట్టింది. 2008 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుంది. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

ఇక చికిత్స. భయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కొని కరిగించే పద్ధతిని జోసెఫ్ వోల్పే 1950లలోనే వివరించాడు. దానిని హెల్మెట్‌కు ఇలా అన్వయించుకోవచ్చు.

మొదట సరైన హెల్మెట్. కనుబొమలకు కొంచెం పైగా టేపుతో తల చుట్టుకొలత తీసుకుని కొనండి. రోడ్డు పక్కన అమ్మే నాసిరకం వద్దు, ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పక చూడండి. గడ్డం భాగం పైకి లేచే రకం భయస్థులకు అనుకూలం. బిగువుగా ఉండాలి, నొప్పి పెట్టకూడదు.

తరువాత సాధన, ఇంట్లో, కుర్చీలో కూర్చుని. అద్దం పైకెత్తి, పట్టీ బిగించకుండా పెట్టుకోండి. భయానికి పదికి ఎన్ని మార్కులో మనసులో వేసుకోండి. ముక్కుతో నాలుగు లెక్కించేవరకు మెల్లగా ఊపిరి తీసి, ఆరు లెక్కించేవరకు వదలండి. ముఖ్య నియమం ఒక్కటే: భయం శిఖరాన ఉన్నప్పుడు హెల్మెట్ తీయవద్దు. అది సగానికి దిగేవరకు ఆగండి. పానిక్ సాధారణంగా పది నిమిషాలలోపే తారస్థాయికి చేరి, తనంతట తాను దిగుతుంది. దిగడం మీరు కళ్లారా చూస్తే మెదడు ఆ పాఠాన్ని నేర్చుకుంటుంది.

ఒక మెట్టు సులువైన తరువాతే రెండవది: పట్టీ బిగించడం, అద్దం మూయడం, టీవీ చూస్తూ అరగంట ఉండటం, ఇంజను ఆపిన బండిపై కూర్చోవడం, ఖాళీ మైదానంలో ఒక చుట్టు, చివరికి తెల్లవారుజామున ఖాళీ వీధి. ప్రతిరోజూ చేయండి. ఎన్ని వారాలు పట్టినా ఫరవాలేదు. అన్ని మెట్లూ దాటేవరకు బస్సులోనో ఆటోలోనో వెళ్లండి. హెల్మెట్ లేకుండా బండి ఎక్కడం మాత్రం వద్దు. రోడ్డుపై భయం లేస్తే ఇండికేటర్ వేసి ఎడమకు ఆపి, అద్దం ఎత్తండి. నడుస్తున్న బండిపై హెల్మెట్ లాగివేయవద్దు.

కొన్ని హెచ్చరికలు. హెల్మెట్ లేనప్పుడు కూడా ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ ఉంటే ముందు వైద్య పరీక్ష చేయించుకోండి. ఉబ్బసం, రక్తహీనత, థైరాయిడ్ దోషం, గుండె లయ దోషాలు ఇటువంటి లక్షణాలే చూపగలవు. మందుల దుకాణంలో అల్‌ప్రాజోలం కొని మింగి బండి నడపవద్దు. అది మత్తు కలిగిస్తుంది, అలవాటుగా మారుతుంది. సాధనతో తగ్గకపోతే మానసిక వైద్యుని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆనాడు మాస్టారికి ఈ నాలుగు మెట్లు చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టేది. నేను చెప్పలేదు. ఇది చదివిన మీలో ఎవరి ఇంటిలోనైనా హెల్మెట్ గోడకు వేలాడుతూ, బండి మాత్రం రోజూ బయటకు వెళుతూ ఉంటే, ఆ మనిషిని వెక్కిరించకుండా, కోప్పడకుండా, ఈ సాయంత్రమే పక్కన కూర్చోబెట్టుకుని కారణం అడగండి.